పిట్‌బుల్ కొనే ముందు మీ ఇంటి గేటు చూసుకోండి

“అన్నా, పిట్‌బుల్ పిల్లను తెచ్చుకుందామనుకుంటున్నా, సేఫేనా?” విజయవాడ నుంచి నున్న వెళ్లే దారిలో కుక్కల బోర్డింగ్ నడుపుతున్నాను కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. సంక్రాంతికో పెళ్లికో ఊరెళ్లే విజయవాడ వాళ్లు తమ కుక్కల్ని నా దగ్గర వదిలి వెళ్తారు. ల్యాబ్రడార్లు, పగ్‌లు ఎక్కువ. పిట్‌బుల్స్ కూడా వస్తుంటాయి. అడిగినవాళ్లలో చాలామందికి వద్దనే చెబుతాను. కుక్క మీద నాకేం కోపం లేదు. వెల్లకిలా పడుకుని పొట్ట గోకించుకోవడంలో మా షెడ్డులో పిట్‌బుల్‌ను మించినది లేదు. ఇబ్బంది ఎక్కడంటే, ఏడాదంతా బుద్ధిగా ఉన్న కుక్క ఒక్క నిమిషం అదుపు తప్పినా జరిగే నష్టం పెద్దది. మన ఇళ్లలో ఆ నిమిషం రావడానికి ఎంతోసేపు పట్టదు. గేటు తీసే ఉంటుంది, ఎవరో ఒకరు వస్తూ పోతూ ఉంటారు, వీధి నిండా కుక్కలు.

తేవాలా వద్దా ఎలా తేల్చుకోవాలో, తెస్తే ఎలా పెంచాలో నాకు తెలిసినంత చెబుతాను.

దాని పుట్టుక తెలిస్తే సగం సంగతి అర్థమవుతుంది. ఒకప్పుడు ఇంగ్లండులో ఎద్దుల మీదికి కుక్కల్ని ఉసిగొల్పడం పెద్ద వినోదం. 1835లో చట్టం తెచ్చి దాన్ని ఆపేస్తే, జనం చాటుమాటున కుక్కల పందేలు ఆడించారు. బలం కోసం బుల్‌డాగ్‌ను, చురుకుదనం కోసం టెర్రియర్‌ను కలిపి పుట్టించిన కుక్కలు అమెరికా చేరి పిట్‌బుల్ అయ్యాయి. కృష్ణా జిల్లా వాళ్లకు ఇంతకు మించి వివరించక్కర్లేదు. పందెం పుంజు యజమాని చంకలో ఎంత సాధువుగా కూర్చుంటుందో, ఎదురుగా ఇంకో పుంజు కనబడగానే ఏమవుతుందో చూసినవాళ్లమే కదా. పిట్‌బుల్ కూడా మనుషులతో ఒకలా, సాటి కుక్కలతో ఇంకోలా ఉంటుంది. ఈ జాతిని 1898 నుంచి నమోదు చేస్తున్న అమెరికాలోని యునైటెడ్ కెన్నెల్ క్లబ్ కూడా దీన్ని దాచలేదు. వీటిలో చాలావాటికి తోటి కుక్కలపై ఎంతోకొంత దూకుడు ఉంటుందని, కొత్తవాళ్లతోనూ స్నేహంగా ఉంటాయి కాబట్టి కాపలాకు అంత పనికిరావని తన ప్రమాణాల్లోనే రాసుకుంది. కాబట్టి దొంగల భయంతో పిట్‌బుల్ కొనేవాళ్లు డబ్బు దండగ చేసుకుంటున్నట్టే. ఒక నాటు కుక్కను చేరదీయండి, వీధి మొదట్లో ఆకు కదిలినా మొరుగుతుంది.

అలాగని మనుషుల జోలికి అసలు రాదనుకోవద్దు. 2022 జులైలో లక్నోలో ఒక వృద్ధురాలిని ఇంట్లో పెంచుకున్న పిట్‌బులే కరిచి చంపింది. అదే ఏడాది అమెరికాలో 18 వేలకు పైగా కుక్కల మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. ఒక్కో కుక్క ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని అందులో తేలింది. పిట్‌బుల్ అభిమానులు రెండోది చూపిస్తారు, పడనివాళ్లు మొదటిది చూపిస్తారు. నాకు రెండూ ముఖ్యమే. జాతి పేరు చూసి కుక్క మంచిదో చెడ్డదో చెప్పలేం, సరే. కానీ ఏది కరిస్తే ఎంత గాయమవుతుందో దాని ఒళ్లు చూస్తే తెలుస్తుంది. పామరేనియన్ కోపమొస్తే కొరికి వదిలేస్తుంది. పిట్‌బుల్ పట్టుకుంటే వదలదు, తల విదిలిస్తుంది. దవడకు తాళం పడుతుందనేది మాత్రం ఉత్త పుకారు. దాని దవడ అన్ని కుక్కల దవడ లాంటిదే, పట్టుదలే వేరు.

మీ ఇల్లు సరిపోతుందా?

పటమటలో మా కస్టమర్ ఒకాయన ఇల్లు చెబుతాను. చుట్టూ ప్రహరీ, ముందు గ్రిల్ గేటు, చూస్తే పక్కాగా ఉంటుంది. గేటుకు పైకెత్తి పక్కకు జరిపే గడియ. ఆ ఇంట్లో పిట్‌బుల్ గేటు దగ్గర కూర్చుని మనుషులు గడియ తీయడం రోజూ చూసేది. ఒకరోజు ముక్కు గడియ కిందికి పెట్టి పైకి లేపింది, భుజంతో గేటు నెట్టింది. అదృష్టం బాగుండి వీధిలో ఎవరూ లేరు. ఇప్పుడు ఆ గడియ రంధ్రంలో ఇనుప కొక్కెం ఉంది, గేటు దానంతటదే మూసుకునేలా స్ప్రింగు ఉంది. అన్నిటికన్నా పనికొచ్చింది వరండాకు పెట్టించిన రెండో గ్రిల్. రెండు తలుపులూ ఒకేసారి తెరవకూడదని ఇంట్లో కట్టడి. ఇలాంటి రెండో తలుపు పెట్టుకునే వీలు మీకు లేకపోతే ఈ కుక్క ఆలోచన మానేయండి.

ఇక మనుషుల లెక్క తీయండి. పొద్దున పాల ప్యాకెట్లబ్బాయి, పేపరు, పనమ్మాయి, మధ్యాహ్నం కొరియర్, గ్యాస్ బండ, సాయంత్రం పిల్లల ట్యూషన్ స్నేహితులు. వీళ్లలో ఎంతమంది నేరుగా లోపలికొస్తారు? కుక్కను గదిలో పెట్టాకే తలుపు తీయాలన్న మాట మీ అమ్మగారు పాటిస్తారా? నాన్నగారికి మోకాళ్ల నొప్పులైతే పాతిక కిలోల కుక్క తాడు లాగినప్పుడు ఆయన నిలబడగలరా? కుర్రాడు ముచ్చటపడి తెస్తాడు, ఏడాది తిరక్కుండా ఉద్యోగానికి హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోతాడు, కుక్క అమ్మానాన్నల మెడకు చుట్టుకుంటుంది. నా దగ్గర నెలల తరబడి ఉండిపోయే కుక్కల్లో ఈ రకం కథలే ఎక్కువ. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే, అందులోనూ రెండూ మగవైతే, నా జవాబు వద్దనే. పాకే వయసు పిల్లలుంటే ఇంకొన్నేళ్లు ఆగండి. ఏ జాతి కుక్కనైనా చిన్నపిల్లలతో ఒంటరిగా వదలకూడదు, ఇక దీని సంగతి చెప్పేదేముంది.

అపార్టుమెంట్‌లో పెంచుకోవచ్చా అంటే, కుక్కల్ని పెంచొద్దనే అధికారం అసోసియేషన్లకు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. అయినా లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా పక్క ఫ్లాటు వాళ్ల బుజ్జి కుక్క ఉంటే పారిపోయే దారి ఎవరికీ ఉండదు. మెట్లు వాడండి.

చట్టం మాట

2024 మార్చిలో కేంద్రం 23 జాతుల కుక్కల అమ్మకం, దిగుమతి, పెంపకం ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. పిట్‌బుల్ టెర్రియర్ ఆ జాబితాలో ఉంది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఢిల్లీ హైకోర్టులోనూ అది నిలబడలేదు. కొనేనాటికి పరిస్థితి ఎలా ఉందో, లైసెన్సు ఎలా తీసుకోవాలో మీ నగరపాలక సంస్థలో అడగండి. జాతి ఏదైనా, మీ అజాగ్రత్త వల్ల మీ కుక్క మనుషుల ప్రాణం మీదికి తెస్తే భారతీయ న్యాయ సంహిత 291 కింద ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

పిల్లను ఎంచుకోవడం

తల్లిని చూడకుండా పిల్లను తీసుకోకండి. ఫోటో పంపిస్తాం, బస్సులో వేస్తాం అంటే ఫోన్ పెట్టేయండి. తల్లి దగ్గరికి వెళ్లి నిలబడితే అది తోక ఊపుతూ వచ్చి వాసన చూడాలి. మూలకు నక్కినా, గుర్రుమన్నా ఆ పిల్లలు వద్దు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమాల్లో ఉంది. తోబుట్టువులతో కొట్లాడుకుంటూనే పిల్ల ఎంత గట్టిగా కొరకొచ్చో నేర్చుకుంటుంది కాబట్టి ఆ నియమం వెనక అర్థముంది. చెవులు కత్తిరించిన పిల్లనైతే ముట్టుకోవద్దు. అది హింస, పైగా కుక్క మనసు తెలిపే చెవి కదలిక కనబడకుండా పోతుంది.

అసలు పిట్‌బుల్ మగది 16 నుంచి 27 కిలోలు తూగుతుంది. నలభై యాభై కిలోల ‘పిట్‌బుల్’ అని చూపిస్తే అందులో ఇంకేదో పెద్ద జాతి కలిసింది. దాని స్వభావం గురించి అమ్మేవాడి మాట తప్ప ఆధారముండదు.

నన్నడిగితే పిల్ల కన్నా రెండేళ్లు దాటిన కుక్కను దత్తత తీసుకోవడం మేలు. పిల్లప్పుడు అందరితో ఆడుకున్న పిట్‌బుల్ ఏడాదిన్నర, రెండేళ్లకు ఈడొచ్చాక తోటి కుక్కల్ని ఓర్చుకోకపోవచ్చు. పెద్ద కుక్కనైతే దాని గుణం కళ్లముందే ఉంటుంది.

పెంపకం

మొదటి మూడున్నర నెలలే కీలకం. టీకాలు పూర్తికాలేదని పిల్లను గదిలో దాచేస్తారు, పిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ భయం నిజమే మరి. అందుకని కింద దించకుండా చంకనేసుకుని తిప్పండి. బీసెంట్ రోడ్డు రద్దీ, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, చేతికర్ర తాతగారు, మేళతాళాల ఊరేగింపు, అన్నీ దూరం నుంచి చూపిస్తూ చిన్న చికెన్ ముక్క నోట్లో పెట్టండి. రేబిస్ టీకా మూడు నెలలకు, తర్వాత డాక్టరు చెప్పినట్టు ఏటా.

గొలుసుతో రోజంతా కట్టేస్తే ఎంత మంచి కుక్కైనా కసిగా తయారవుతుంది. కొట్టి నేర్పితే మీకు భయపడుతుంది, మీరు లేనప్పుడు ఇంకొకరి మీద చూపిస్తుంది. మా గుంటూరు చుట్టాల్లో కొందరు కారం కలిపి పెడితే రోషం వస్తుందని నమ్ముతారు. మిర్చి యార్డున్న ఊరు కదా, దేనికైనా మందు కారమే! కారంతో వచ్చేది కడుపు మంట. పచ్చి మాంసం పెడితే క్రూరంగా మారుతుందన్నదీ అలాంటిదే. దానికి పిల్లలు పుట్టించే ఉద్దేశం లేకపోతే, పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో మీ డాక్టరుతోనో, గన్నవరం పశువైద్య కళాశాలలోనో మాట్లాడండి.

తినేటప్పుడు గిన్నెలో చెయ్యిపెట్టి మగతనం నిరూపించుకోకండి. పక్కనుంచి వెళ్తూ ఇంకా రుచైన ముక్క ఒకటి వేసి పొండి. కొన్నాళ్లకు మనిషి దగ్గరికొస్తే తిండి పోదు, పెరుగుతుందని దానికి అర్థమవుతుంది.

మా పనివాళ్లకు నేను మొదట నేర్పేది కుక్కను చదవడం. తోక ఊపుతోంది కదా అని దగ్గరికి వెళ్లొద్దు. నడుం నుంచి ఒళ్లంతా ఊగుతూ నోరు తెరిచి నాలుక వేలాడేసిన కుక్క సంతోషంగా ఉన్నట్టు. తోక పైకి నిలబెట్టి గడ్డిపోచలా సన్నగా వణికిస్తూ, నోరు టక్కున మూసి, ఒళ్లు బిగించి, ఒకేచోట చూపు నిలిపిందా, అక్కడితో ఆట అయిపోయింది. చాలా పిట్‌బుల్స్ దీని తర్వాత మొరగవు కూడా. ఆ నోరు మూసుకున్న క్షణంలోనే తాడు దగ్గరికి లాక్కుని, మాట్లాడుతూ వెనక్కి తిప్పేయాలి. అరిస్తే ఇంకా బిగుసుకుంటుంది.

వాకింగ్‌కు తెల్లవారుజామున వెళ్లండి. ఎండాకాలంలో విజయవాడ తారురోడ్డు ఏ కుక్క పాదాలకూ మంచిది కాదు. కాలవ గట్ల మీద వీధికుక్కల గుంపులుంటాయి, ఆ దారి వద్దు. వెడల్పాటి మెడ బెల్టు, ఆరడుగుల గట్టి తాడు, మూతికి తొడిగే బుట్టలాంటి మజిల్ ఉండాలి. మజిల్ అడుగున పెరుగు రాసి రోజూ కాసేపు అలవాటు చేస్తే కొన్ని వారాల్లో అదే మూతి పెడుతుంది. చూసేవాళ్లు భయపడితే పడనివ్వండి, దూరం జరిగితే మీకే మంచిది.

గొడవ జరిగితే

రెండు కుక్కలు పట్టుకుంటే మధ్యలో చేతులు పెట్టకండి. పట్టు వదలని కుక్కను వెనక్కి లాగితే రెండోదాని కండ చీలిపోతుంది. వెనకనుంచి కాళ్ల మధ్య ఇరికించి, బెల్టు పట్టుకుని పైకెత్తి మెలిపెట్టండి. ఊపిరాడక నోరు తెరుస్తుంది, అప్పుడు పక్కకు తిప్పాలి.

మనిషిని కరిస్తే ముందు కుళాయి కింద సబ్బుతో పావుగంట కడగండి. పసుపు, సున్నం, కారం లాంటివి పూయొద్దు. కట్టు బిగించొద్దు. టీకాలు వేసిన కుక్కే కదా అని ఆగకుండా అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. రేబిస్ టీకాను చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటిరోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో, ప్రతిసారీ రెండు చోట్ల వేస్తారు. చర్మం చీలి రక్తం వస్తే, టీకా పనిచేసేలోపు వైరస్‌ను అడ్డుకునే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా గాయంలోనే ఇస్తారు. కుక్కను కొట్టి చంపకండి, ఎవరికీ ఇచ్చేయకండి. పది రోజులు విడిగా ఉంచి గమనించాలి. దాని టీకా కార్డు ఫోటో ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టించండి, డాక్టరు అడిగేటప్పుడు వెతుక్కునే పని ఉండదు.