థైరాయిడ్ సగం తీసేశాక నీరసం, చలి, బరువు: కారణం ఏమిటి, ఏం చేయాలి

మెడలో గడ్డ ఉందని థైరాయిడ్‌లో ఒక పక్క భాగం తీసేసినప్పుడు, ఇంటికి పంపేముందు చాలామందికి చెప్పే మాట ఒకటుంది: "మిగిలిన సగం చాలు, మాత్ర అక్కర్లేదు." ఎక్కువమంది విషయంలో అది నిజమే. కానీ సుమారు ఐదుగురిలో ఒకరికి ఆ మిగిలిన భాగం చాలదు. ఎక్కువగా మొదటి ఏడాదిలోపే ఆ లోటు బయటపడుతుంది. అప్పటికి గాయం మానిపోయి, ఆస్పత్రికి వెళ్లడం కూడా మానేసి ఉంటారు. అందుకే నీరసాన్ని పనిభారం అనో వయసు అనో సరిపెట్టుకుంటారు.

నెలలు గడిచినా ఒళ్లు బరువుగానే ఉంది

పొద్దున లేవబుద్ధి కాదు. అందరికంటే ముందు చలేస్తుంది. మలబద్ధకం, చర్మం పొడిబారడం, ముఖం ఉబ్బరం, మతిమరుపు, ఆడవాళ్లకు నెలసరిలో ఎక్కువ రక్తస్రావం. వీటిలో రెండుమూడు కలిసి వచ్చి, వారాల తరబడి తగ్గకపోతే థైరాయిడ్ లోటును అనుమానించాలి.

మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, థైరాయిడ్ హార్మోన్ తగ్గిందని తెలియగానే, థైరాయిడ్‌ను పనిచేయించే టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది. మిగిలిన భాగం దానికి స్పందించి పని పెంచుకోగలిగితే సరే, లేకపోతే టీఎస్‌హెచ్ పెరుగుతూనే ఉంటుంది. ఆపరేషన్‌కు ముందే టీఎస్‌హెచ్ నార్మల్‌లో పై అంచున ఉన్నవాళ్లకూ, యాంటీ టీపీవో (ఒంట్లోని రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద దాడి చేస్తోందా అని చూసే రక్తపరీక్ష) పాజిటివ్ వచ్చినవాళ్లకూ, తీసిన ముక్క బయాప్సీలో థైరాయిడైటిస్ (థైరాయిడ్ వాపు) అని రాసినవాళ్లకూ ఈ అవకాశం ఎక్కువ. పాత రిపోర్టులు తీసి ఈ మూడూ చూసుకోండి.

లక్షణాలు ఉన్నా లేకపోయినా ఆపరేషన్ అయిన 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ చేయించాలి. మొదటి ఏడాదిలో మళ్లీ ఎప్పుడెప్పుడు చేయించాలో డాక్టర్‌ను అడిగి రాయించుకోండి, ఆ తర్వాత ఏడాదికోసారి. టీఎస్‌హెచ్ 10 దాటితే సాధారణంగా లీవోథైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) మాత్ర మొదలుపెడతారు. కొద్దిగా మాత్రమే పెరిగి, ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోన్) నార్మల్‌గా ఉంటే కొన్ని వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేయడం మంచి పద్ధతే. మిగిలిన భాగం కోలుకుని అంకె దానంతటదే దిగిన సందర్భాలున్నాయి. అయితే గర్భం కోసం చూస్తున్నవాళ్లకూ, క్యాన్సర్ వల్ల ఆపరేషన్ అయినవాళ్లకూ టీఎస్‌హెచ్ ఎంత ఉండాలన్నది వేరుగా నిర్ణయిస్తారు.

థైరాయిడ్‌కు మంచిదని అమ్మే అయోడిన్ చుక్కలు, సముద్రపు నాచు మాత్రలు మాత్రం వద్దు. అయోడిన్ ఉప్పు వాడే ఇంట్లో వాటి అవసరం లేదు. అయోడిన్ మరీ ఎక్కువైతే ఉన్న కాస్త థైరాయిడ్ ఇంకా మందగించవచ్చు.

మాత్ర వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ దిగడం లేదు

డోసు పెంచమని అడిగే ముందు మాత్ర ఎలా వేసుకుంటున్నారో చూడాలి. మన ఇళ్లలో తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే.

మొదటి అనుమానం టీ, కాఫీల మీదే. మాత్ర మింగిన ఐదు నిమిషాలకే టీ తాగితే మందు సరిగా ఒంటబట్టదు. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. పాలు, టిఫిన్ అన్నీ ఆ తర్వాతే. పొద్దున కుదరనివాళ్లు డాక్టర్‌కు చెప్పి, రాత్రి భోజనమైన మూడు గంటలకు పడుకునే ముందు వేసుకోవచ్చు.

తర్వాత కాల్షియం, ఐరన్ మాత్రలు. వీటికీ థైరాయిడ్ మాత్రకూ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. అన్నీ ఒకేసారి గుప్పెట్లో వేసుకుని మింగే అలవాటు ఉంటే ఇవాళే మార్చండి. గ్యాస్ మాత్రలు రోజూ వాడుతుంటే ఆ సంగతి కూడా డాక్టర్‌కు చెప్పాలి, డోసు మారవచ్చు.

మందును వంటింట్లో పొయ్యి పక్కనో, ఎండ పడే కిటికీలోనో పెట్టకూడదు. వేడికీ తేమకూ దాని బలం తగ్గుతుంది. వచ్చిన సీసాలోనే ఉంచండి. కంపెనీ మారితే ఆరు వారాల తర్వాత ఒకసారి టీఎస్‌హెచ్ చూసుకోవాలి.

రిపోర్టు నార్మల్ వచ్చిందని మాత్ర ఆపేసేవాళ్లు చాలామంది. మాత్ర వేసుకుంటున్నందుకే అది నార్మల్ వచ్చింది. ఆపాలా వద్దా అన్నది డాక్టర్ తేల్చాలి. డోసు మార్చిన ప్రతిసారీ 6 నుంచి 8 వారాలు ఆగి పరీక్ష చేయించండి. ఈ హార్మోన్ రక్తంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది, అందుకే పది రోజులకు చేయించిన టెస్టు ఏమీ తేల్చదు.

రిపోర్టు నార్మల్, నీరసం మాత్రం అలాగే

జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడుతున్నారా? అది కొన్ని ల్యాబ్ పరీక్షల్లో టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. రెండు మూడు రోజులు ఆపి మళ్లీ రక్తం ఇవ్వండి. అప్పటికీ నార్మలే అయితే హిమోగ్లోబిన్, బి12, విటమిన్ డి, షుగర్ చూపించుకోవాలి. నిద్ర, మనసులోని దిగులు గురించి కూడా డాక్టర్‌తో మాట్లాడండి. పెద్ద ఆపరేషన్ అయిన రెండు మూడు నెలలకు జుట్టు రాలడం మామూలుగా జరిగేదే, కొన్నాళ్లకు తిరిగి వస్తుంది. పది, పదిహేను కిలోల బరువు పెరిగితే దాన్నంతా థైరాయిడ్ మీదే వేయలేం.

గుండె దడ, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం

డోసు ఎక్కువైందేమో చూడాలి. పెద్ద వయసువాళ్లలో ఇది గుండె లయ తప్పడానికి, ఎముకలు పలచబడడానికి దారితీస్తుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లకు తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచేది అందుకే.

గర్భం నిలిచింది

మాత్ర ఆపకూడదు. తెలిసిన రోజే డాక్టర్‌కు ఫోన్ చేయండి, డోసు సాధారణంగా పెంచాల్సి వస్తుంది.

ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాల్సినవి

ఆపరేషన్ అయిన కొత్తలో పెదవుల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిర్లు, చేతులు కొంకర్లు పోవడం కాల్షియం పడిపోయిన గుర్తులు. మెడ వాపు, ఊపిరాడకపోవడం వస్తే క్షణం కూడా ఆగొద్దు. చాలాకాలంగా మాత్ర మానేసినవాళ్లు ఒళ్లు చల్లబడి, మత్తుగా, పిలిచినా సరిగా పలకకుండా ఉంటే 108కి ఫోన్ చేసి, థైరాయిడ్ ఆపరేషన్ అయిందని ముందే చెప్పండి.