ముసురు పట్టకముందే చామంతి మడి చూసుకోండి

చామంతి ఒకసారి నాటితే పిలకలు వేసుకుంటూ ఏళ్ల తరబడి ఉంటుంది. పూసేది మాత్రం చలి మొదలయ్యాకే. ఈలోగా తొలకరి మొదలు అక్టోబరు, నవంబరు వాయుగుండాల దాకా వానలన్నీ దాటుకు రావాలి. మొక్కలు పోయేది ఆ అయిదారు నెలల్లోనే.

బోరు పక్కన, తొట్టి వారగా ఎప్పుడూ తడి ఉంటుంది కదా అని చాలామంది అక్కడే పెడతారు. చామంతికి తడి కావాలి గానీ నిలవనీరు పనికిరాదు. నాటేముందు అక్కడ జానెడు లోతు గుంట తీసి నిండా నీళ్లు పోయండి. మర్నాటికీ ఇంకలేదంటే ఆ చోటు మెట్టతామరకు వదిలేయండి, దానికి బురదైనా ఒకటే. లేదూ చామంతే కావాలంటే అడుగు ఎత్తున మడి కట్టి, మట్టిలో ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, పల్లం వైపు కాలువ తీయండి. చూరు నీళ్లు మడి మీద పడనివ్వకండి.

అసలు మోసమంతా ఆకులు వాడిపోవడంలో ఉంది. ముసురు తెరిపిచ్చి ఎండ కాయగానే ఆకులు వేలాడేస్తాయి. నీళ్లు చాలలేదేమోనని ఇంకో చెంబు పోస్తారు, దాంతో ఆ కాస్త ప్రాణమూ పోతుంది. ముందు వేలు మట్టిలోకి గుచ్చి చూడండి. లోపల తడిగానే ఉంటే ఒక మొక్క పెకలించండి. వేరు గోధుమరంగుకు తిరిగి, రెండు వేళ్లతో లాగితే పైపొర ఊడొచ్చి సన్నటి నార మిగిలిందా, అది వేరుకుళ్లే. ఆ మొక్కను చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి దూరంగా పారేయండి, ఎరువు గుంటలో వేయకండి. మిగతావాటి మొదళ్లలో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి పోయండి.

మొక్క గుబురుగా రావాలని కొమ్మల తలలు తుంచడం ఆగస్టు చివరికి ఆపేయాలి. తుంచేదీ ఆకులు ఆరి ఉన్నప్పుడే. రాత్రులు పొడవైతేనే చామంతి మొగ్గ తొడుగుతుంది కాబట్టి, వరండా బల్బు తెల్లవార్లూ మడి మీద పడుతుంటే కార్తీకం వెళ్లిపోయినా ఆకులే మిగులుతాయి.

ఊతకర్రలు సెప్టెంబరులోనే పాతండి. తుపాను కబురు విన్నాక హడావిడిగా పాతితే వేళ్లు తెగుతాయి. ఇంకో మాట, జూన్‌లోనే మంచి పిలకలు నాలుగు కుండీలో పెట్టి వసారాలో ఉంచండి. మడి మొత్తం మునిగినా నారుకు అవి ఉంటాయి.