మిడ్‌రేంజ్ డిస్క్‌ల వేర్వేరు తయారీ విడతలను పోల్చి చూడడం ఎలా?

ప్లాస్టిక్ డిస్క్‌ను విసిరి గొలుసుల బుట్టలో వేసే డిస్క్ గోల్ఫ్ ఆటలో మిడ్‌రేంజ్, అంటే మధ్యస్థ దూరాలకు వాడే డిస్క్, కొనేటప్పుడు మనం చూసే నాలుగు అంకెలు, అంటే స్పీడ్ (వేగం), గ్లైడ్ (తేలడం), టర్న్ (మొదట కుడికి తిరగడం), ఫేడ్ (చివర్లో ఎడమకు వంగడం), ఆ మోడల్‌కు తయారీదారు ఇచ్చినవే తప్ప మన చేతిలో ఉన్న డిస్క్‌ను విసిరి కొలిచినవి కావు. డిస్క్‌క్రాఫ్ట్ కంపెనీ బజ్‌కు 5, 4, మైనస్ 1, 1 అనీ, ఇన్నోవా కంపెనీ రాక్3కి 5, 4, 0, 3 అనీ ఇస్తారు. డిస్క్‌ను పోసిన అచ్చు అదే అయినా ప్లాస్టిక్ మిశ్రమం, కలిపిన రంగు, అచ్చులో చల్లార్చిన సమయం మారితే డిస్క్ ముడుచుకునే తీరు మారుతుంది. దానితోపాటు ఎగిరే తీరూ మారుతుంది. అందుకే పాత రన్ (తయారీ విడత) తిన్నగా పోయేదని, కొత్తది ఎడమకు లాగుతోందని ఆటగాళ్లు తరచుగా అంటుంటారు. ఆ మాట నిజమో కాదో ఇంట్లోనూ మైదానంలోనూ పరీక్షించుకునే పద్ధతి ఇది. ఇక్కడ చెప్పే కుడి, ఎడమలు కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ విసిరేవారికి వర్తిస్తాయి. ఎడమచేతివారు తిరగేసి చదువుకోవాలి.

డిస్క్‌ల ఎంపిక

ఒక్కో విడత నుంచి కనీసం రెండేసి డిస్క్‌లు సంపాదించండి. చాలామంది దాటవేసే పని ఇదే, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. పాత విడత నుంచి ఒకటి, కొత్త విడత నుంచి ఒకటి తీసుకుని తేడా చూస్తే, అది విడతల మధ్య తేడానో, కేవలం ఆ రెండు డిస్క్‌ల మధ్య తేడానో చెప్పే మార్గమే ఉండదు. ఒకే రోజు, ఒకే యంత్రం నుంచి వచ్చినవి కూడా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు.

నాలుగూ ఒకే ప్లాస్టిక్‌వి కావాలి, బరువులో తేడా రెండు గ్రాములకు మించకూడదు. పీడీజీఏ (ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్) నియమం ప్రకారం డిస్క్ వ్యాసంలో ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాముల వరకే బరువు ఉండవచ్చు, అంటే 21.7 సెంటీమీటర్ల మిడ్‌రేంజ్‌కు పరిమితి సుమారు 180 గ్రాములు. డిస్క్ వెనుక రాసిన బరువును నమ్మకుండా వంటింటి డిజిటల్ త్రాసు మీద మళ్లీ తూచండి. అరుగుదలను కూడా గమనించండి. ఇన్నోవా డీఎక్స్ వంటి మెత్తటి బేస్ ప్లాస్టిక్ చెట్లకు తగిలి దెబ్బలు తినేకొద్దీ కుడికి తిరగడం మొదలుపెడుతుంది. ఏళ్ల తరబడి వాడిన పాత రాక్3ను, నిన్న కవరు విప్పిన కొత్తదానితో పోల్చి విడతను తప్పుపట్టడం అన్యాయం.

ఇంట్లో కొలతలు

డిస్క్‌ను వంటింటి గ్రానైట్ బల్ల మీద ఎగిరేటప్పుడు ఉండే విధంగానే, ఉబ్బిన వైపు పైకి వచ్చేలా పెట్టండి. అంచు బయటివైపు కంటి ఎత్తులో వెలుతురుకు ఎదురుగా చూస్తే, అచ్చు రెండు భాగాలు కలిసిన చోట చుట్టూ సన్నని అతుకు గీత కనిపిస్తుంది. బల్ల నుంచి ఆ గీత వరకు ఉన్న ఎత్తే ఈ పరీక్షలో అసలు కొలత. సాధారణంగా ఆ ఎత్తు ఎక్కువగా ఉన్న డిస్క్ ఓవర్‌స్టేబుల్‌గా, అంటే కుడికి తక్కువగా తిరిగి చివరకు ఎడమకు గట్టిగా వంగేలా ఉంటుంది. తక్కువగా ఉన్నది అండర్‌స్టేబుల్‌గా ఉంటుంది. తేడా మిల్లీమీటరులో భాగమే కావచ్చు కాబట్టి జామెట్రీ పెట్టెలోని స్కేలు సరిపోదు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరికే మామూలు డిజిటల్ కాలిపర్ చాలు. ఒకే డిస్క్ మీద నాలుగు వైపులా కొలవండి, ఎందుకంటే వంకర తిరిగిన డిస్క్‌లో ఒకవైపు కొలత మరోవైపు రాదు. ఎండలో నిలిపిన కారులో డిస్క్‌లు వదిలే అలవాటున్నవారికి ఈ జాగ్రత్త మరీ అవసరం.

తర్వాత పైభాగం మీద స్టీలు స్కేలును అడ్డంగా నిలబెట్టి, మధ్యలో ఉబ్బు ఎంత ఉందో చూడండి. ఉబ్బు ఎక్కువైతే గ్లైడ్ పెరుగుతుందని సాధారణంగా భావిస్తారు. బొటనవేళ్లతో నొక్కి మెత్తదనాన్ని కూడా రాసుకోవచ్చు గాని, అది వేసవికీ చలికాలానికీ మారేది కాబట్టి దానికి పెద్ద విలువ ఇవ్వనవసరం లేదు.

మైదానం, గాలి

దాదాపు తొంభై మీటర్ల చదునైన ఖాళీ స్థలం కావాలి. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండేవారికి అది దొరకడమే కష్టం. దొరికినా ఆదివారం ఉదయం ఏడింటికల్లా క్రికెట్ జట్లు దిగిపోతాయి, "అన్నా, ఒక్కసారి విసరనిస్తావా" అంటూ పిల్లలు చుట్టూ చేరతారు. పనిదినాల్లో తెల్లవారగానే వెళ్లడం మేలు. జూన్ నుంచి ఆగస్టు వరకు బెంగళూరులో నైరుతి గాలి బలంగా వీస్తుంది కాబట్టి ఆ నెలల్లో ఈ పరీక్ష పెట్టుకోవద్దు. నాలుగు గడ్డిపరకలు భుజం ఎత్తు నుంచి వదిలి, అవి పాదాల దగ్గరే పడుతున్నప్పుడు మాత్రమే విసరండి.

సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్న బెంగళూరులో గాలి సాంద్రత చెన్నై కంటే దాదాపు పది శాతం తక్కువ. పలుచని గాలిలో డిస్క్ తక్కువగా తేలుతుంది, కుడికి తక్కువగా తిరుగుతుంది, అంటే ఉన్నదానికంటే ఓవర్‌స్టేబుల్‌గా కనిపిస్తుంది. కాబట్టి చెన్నైలోని స్నేహితుడు తన పాత విడత గురించి చెప్పినదాన్ని మీ కొత్త విడతతో పోల్చడం కుదరదు.

విసరడం, రాసుకోవడం

డిస్క్‌ల లోపలివైపు మార్కర్‌తో గుర్తులు పెట్టి, ఏ గుర్తు ఏ విడతదో మీకు చెప్పకుండా అందించమని తోడు వచ్చినవారిని అడగండి. నాలుగూ ఒకే రంగువైతే సులువు. ఎదురుగా పది మీటర్లకొక ఇటుక చొప్పున తిన్నగా వరుస పేర్చి, మీ వెనుక ట్రైపాడ్ మీద ఫోన్‌ను వీడియోలో పెట్టండి. పూర్తి బలం ఉపయోగించవద్దు. అరవై మీటర్లు హాయిగా వెళ్లే వేగం చాలు. అన్నీ సమతలంగా వదలండి. వారు మొదటి చుట్టులో పాత, కొత్త, కొత్త, పాత అనీ, రెండో చుట్టులో కొత్త, పాత, పాత, కొత్త అనీ క్రమం మార్చి అందిస్తే, చెయ్యి వేడెక్కడం, అలసిపోవడం ఒకే విడత మీద పడవు. ఒక్కో డిస్క్‌కు పది మంచి విసుర్లు వచ్చేవరకు కొనసాగించండి.

చెడ్డ విసురును తీసివేయవచ్చు, కాని ఆ నిర్ణయం డిస్క్ నేల తాకకముందే ప్రకటించాలి. డిస్క్ వణుకుతూ వెళితే అండర్‌స్టేబుల్‌గా కనిపిస్తుంది. డిస్క్ ముక్కు, అంటే ముందు అంచు, పైకెత్తి వదిలితే త్వరగా వేగం కోల్పోయి ఎడమకు పడిపోతుంది. రెండింటిలోనూ తప్పు చేతిదే. ప్రతి విసురుకు మూడు విషయాలు రాయండి: ఇటుకల వరుస నుంచి కుడికి గరిష్ఠంగా ఎంత జరిగింది, చివరకు ఎడమకు ఎంత దూరంలో పడింది, మొత్తం ఎంత దూరం వెళ్లింది. అంకెలు నిలకడగా వస్తుంటే ఆ తర్వాత హైజర్ కోణంలో, అంటే డిస్క్ బయటి అంచును కిందికి వంచి, కూడా కొన్ని విసరవచ్చు.

ఫలితం చూడడం

ఒక్కో డిస్క్ పది అంకెలను చిన్నదాని నుంచి పెద్దదాని వరకు పేర్చి మధ్య విలువ తీసుకోండి. ఉదాహరణకు పాతది ఎడమకు మూడు మీటర్లలో, కొత్తది ఐదు మీటర్లలో పడుతున్నాయనుకుందాం. ఏ ఒక్క డిస్క్ విసుర్లను చూసినా వాటిలో అవే ఆరేసి మీటర్లు అటూ ఇటూ చెదిరి ఉంటే, ఆ రెండు మీటర్ల తేడాకు అర్థం లేదు. ఇక పాత విడతలోని రెండు డిస్క్‌ల మధ్యే రెండు మీటర్ల తేడా వస్తే, విడత గురించిన వాదన అక్కడే ఆగిపోతుంది. పాతవి రెండూ ఒకచోట, కొత్తవి రెండూ మరోచోట గుమికూడి, అతుకు గీత ఎత్తు కూడా అదే దిశలో మారితేనే విడతలు నిజంగా వేరని చెప్పవచ్చు. అప్పుడు కూడా మరో వారం, గాలి లేని మరో ఉదయం, క్రమం తిప్పి అవే డిస్క్‌లను మళ్లీ విసిరి చూడండి.