ఇంట్లోనే కారు కూలెంట్ మార్చుకోవడం, బోరు నీళ్ళు తగలకుండా

రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర బండి ఆగిపోయి, ఏసీ ఆన్‌లో ఉండి, ముందున్న బస్సు కదలక, డాష్‌బోర్డులో టెంపరేచర్ ముల్లు మెల్లగా పైకి లేస్తుంటే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. గుంటూరు నుంచి వస్తూ కాజ టోల్‌ప్లాజా దాటాక నాకు అదే జరిగింది. రోడ్డు పక్క షెడ్డులో ఒకాయన బోరు కింద బకెట్ పట్టి ఆ నీళ్ళే నింపి పంపించాడు. ఆ పూట ఇల్లు చేరాం, కాదనను. కానీ ఆ నీళ్ళని అలాగే ఉంచేశాను. ఏడాది తర్వాత డ్రెయిన్ చేస్తే ఇటుకపొడి కలిపినట్టు ఎర్రటి నీళ్ళు వచ్చాయి. రేడియేటర్ మూత లోపలి అంచున తెల్లగా పేరుకుపోయి ఉంది, గోటితో గీకితే గీజర్ కాయిల్‌కి పట్టే పొలుసులా పెళుసుగా ఊడింది. రేడియేటర్ లోపలి సన్నటి గొట్టాల్లో కూడా అదే పడుతుంది, ఇక నీళ్ళు తిరగడానికి దారి ఎక్కడుంటుంది?

మనకి గడ్డకట్టే చలి లేదు కదా, కూలెంట్ ఎందుకు, నీళ్ళు చాలవా అని చాలామంది అడుగుతారు. చాలవు. కూలెంట్ అంటే ఇంజన్ వేడిని లాగే, చలికి తొందరగా గడ్డకట్టని ద్రవం. అందులో తుప్పు పట్టకుండా కాపాడే రసాయనాలు ఉంటాయి, మామూలు నీళ్ళకి ఆ గుణం లేదు. పైగా నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కూలెంట్, నీళ్ళు సగం సగం కలిపితే మరిగే స్థానం 106 దాటుతుంది, దానికి మూత ఆపే ఒత్తిడి తోడైతే 120 కూడా దాటుతుంది. మన ఎండలకి ఆ తేడా కావాలి.

ముందుగా కొనాల్సినవి చెప్తాను. మీ కారు మాన్యువల్‌లో రాసిన రకం కూలెంట్, అది కూడా కాన్సెంట్రేట్, అంటే నీళ్ళు కలపనిది (ఎందుకో కింద చెప్తాను). రంగు చూసి కొనకండి, ఒకే రంగులో వేరే వేరే రకాలు దొరుకుతాయి, సరిపడని రెండు కలిస్తే లోపల జిగురులా తయారవ్వచ్చు. తర్వాత డిస్టిల్డ్ వాటర్, బ్యాటరీ షాపుల్లో 5 లీటర్ల క్యాన్లు దొరుకుతాయి, మూడు నాలుగు తెచ్చుకోండి. గరాటు, వెడల్పాటి బేసిన్, రబ్బరు గ్లవ్స్, ప్లయర్, పాత గుడ్డలు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల కూలింగ్ వేరు, వాటి మీద ఈ పద్ధతి ప్రయత్నించకండి.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టాలి. రాత్రి పార్క్ చేసిన బండిని పొద్దున్నే ముట్టుకోవడం మంచిది. వేడిగా ఉన్నప్పుడు మూత తిప్పితే లోపలి ఒత్తిడికి మరుగుతున్న కూలెంట్ ఒక్కసారిగా ముఖం మీదికి చిమ్ముతుంది, గుడ్డ చుట్టి తిప్పినా సరే ఆ పని చేయొద్దు. కొన్ని కార్లలో రేడియేటర్ మీద మూత ఉండదు, పక్కనుండే కూలెంట్ ట్యాంకు మూతే ఒత్తిడి మూత, దానికీ ఇదే జాగ్రత్త.

మూత తీసి లోపల చూడండి. పాలు కలిపిన కాఫీలా నురగగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ కలుస్తోందని అర్థం, అప్పుడు ఫ్లష్ చేసి, అంటే నీళ్ళతో కడిగి లాభం లేదు, నేరుగా మెకానిక్‌కి చూపించండి. మామూలుగానే ఉంటే రేడియేటర్ కింద మూలలో ఉండే ప్లాస్టిక్ బిరడా కిందికి బేసిన్ జరిపి నెమ్మదిగా వదులు చేయండి. గట్టిగా తిప్పితే విరుగుతుంది, పాత బండిలో మరీను. బిరడా లేకపోతే కింది హోస్ క్లిప్ జరిపి హోస్ లాగాలి, ఒక్కసారిగా వస్తుంది, బట్టలు తడవడం ఖాయం. జాకీ ఒక్కదాని మీద ఆధారపడి మాత్రం బండి కింద దూరకండి, స్టాండ్లు పెట్టాల్సిందే.

బేసిన్‌లో పడినదాన్ని వెంటనే క్యాన్‌లోకి ఎత్తి మూత పెట్టేయండి. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. వీధికుక్క నాలుగు గుక్కలు తాగినా కిడ్నీలు పోతాయి, ఆవులకీ ప్రమాదమే. అపార్ట్‌మెంట్ కాలవలోకి వదిలితే అది ఏలూరు కాలవలోకో, బందరు కాలవలోకో పోతుంది. నేను క్యాన్లు ఆటోనగర్‌లో పాత ఆయిల్, కూలెంట్ తీసుకునే షెడ్డుకి ఇస్తాను, తీసుకుంటారో లేదో అడిగి ఇవ్వండి.

ఇప్పుడు అసలు విషయం. బిరడా తీస్తే మొత్తం బయటికి రాదు. దాదాపు సగం ఇంజన్ బ్లాకులో, హీటర్ లోపల ఉండిపోతుంది. అందుకే బిరడా బిగించి, డిస్టిల్డ్ వాటర్ నింపి, మూత పెట్టి, హీటర్ ఫుల్ వేడిలో పెట్టి ఇంజన్ స్టార్ట్ చేయాలి (మనూళ్ళో హీటర్ నాబ్ ఎవరూ ముట్టుకోరు, అందుకే పాతది అక్కడ నిలిచి ఉంటుంది). థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే రేడియేటర్‌కి దారి తెరిచే వాల్వు) చాలా కార్లలో 82 నుంచి 88 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది, రేడియేటర్ పై హోస్ వేడెక్కితే తెరుచుకున్నట్టు. పది నిమిషాలు నడిపి, ఆపి, పూర్తిగా చల్లారాక మళ్ళీ డ్రెయిన్ చేయండి. ప్రతిసారీ సగం పోతుందనుకుంటే, పాత కూలెంట్ ఖాళీ చేశాక మూడుసార్లు ఇలా చేస్తే పాతది పదహారో వంతే మిగులుతుంది. నాది రంగు పూర్తిగా పోవడానికి నాలుగుసార్లు పట్టింది, రెండు రోజుల పని. సెల్లార్ మూసి ఉంటే ఇంజన్ నడపొద్దు, పొగ ప్రాణం తీస్తుంది. ఇంజన్ ఆపినా కొన్ని కార్లలో రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతుంది, చేతులు దూరంగా ఉంచండి.

చివరిసారి డ్రెయిన్ చేశాక చాలామంది రెడీమిక్స్ (ముందే నీళ్ళు కలిపిన కూలెంట్) పోస్తారు, కానీ లోపల ఇంకా సగం నీళ్ళే కదా, అది పలచబడిపోతుంది. లెక్క ఇలా వేయండి: మాన్యువల్‌లో మొత్తం 5 లీటర్లు అని ఉంటే, ముందు 2.5 లీటర్ల కాన్సెంట్రేట్ పోయండి, మిగతా ఖాళీ ఎంత ఉంటే అంత డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. బేసిన్‌లో 2.8 లీటర్లు వచ్చిందనుకుంటే నీళ్ళు 300 మిల్లీలీటర్లు పడతాయి, లోపల ఉన్నదాంతో కలిసి సగం సగం అవుతుంది. ఈ లెక్క తెలియక ఏడాదికే తుప్పు తెచ్చుకున్న బండ్లు చూశాను.

తర్వాత గాలి తీయాలి. బండి ముక్కు కాస్త ఎత్తులో ఉంచి, చల్లగా ఉన్నప్పుడే మూత తీసి, హీటర్ ఫుల్‌లో పెట్టి ఇంజన్ ఐడిల్‌లో నడపండి. పై హోస్‌ని మెల్లగా నొక్కుతుంటే బుడగలు వస్తాయి, మట్టం దిగుతుంది, పోస్తూ ఉండండి. హోస్ వేడెక్కి, పైకి పొంగేలా కనిపిస్తే మూత పెట్టేసి, ఫ్యాన్ రెండుసార్లు ఆన్ అయి ఆగేదాకా చూడండి. ముల్లు మధ్య దాటి పైకి పోతుంటే వెంటనే ఇంజన్ ఆపండి, గాలి ఇంకా ఉంది, చల్లారాక మళ్ళీ మొదటి నుంచి. కారు మీద గాలి తీసే స్క్రూ ఉంటే మాన్యువల్ చూసి అదే వాడండి.

పనిలో పనిగా హోస్‌లు నొక్కి చూడండి, పగుళ్ళు కనిపిస్తే మార్చేయండి. గుంటూరులో జిన్నింగ్ మిల్లుల వైపు తిరిగే బండ్లకి రేడియేటర్ ముందు దూది పింజలు పట్టి ఉంటాయి, మెత్తటి బ్రష్‌తో తీసేయండి, ప్రెషర్ వాషర్ పెట్టారంటే సన్నటి రెక్కలు వంగిపోతాయి.

తర్వాత మూడు నాలుగు పొద్దులు, బండి తీసే ముందు, ట్యాంకులో మట్టం చూడండి. మొదటి రెండు రోజులు కాస్త దిగితే మిగిలిన గాలి బయటికి పోయిందన్నమాట, మిన్, మ్యాక్స్ గీతల మధ్యకి సగం సగం కలిపిన కూలెంట్ పోయండి. వారం తర్వాత కూడా దిగుతూనే ఉంటే బండి ముందు భాగం కింద వెడల్పాటి అట్ట ముక్క పరిచి రాత్రంతా ఉంచండి. పొద్దున అట్ట మీద తడి ఎక్కడ పడిందో చూస్తే లీక్ ఏ వైపో తెలుస్తుంది.