టవర్ క్లాక్ వీధుల్లో ఖాళీ పడిన పై అంతస్తులకు మళ్లీ జనాన్ని తేవడం ఎలా

2020 తర్వాత ఇంటి నుంచే పని చేసే పద్ధతి స్థిరపడటంతో శాన్‌ఫ్రాన్సిస్కో వంటి నగరాల నడిబొడ్డున ఆఫీసు స్థలం నూటికి ముప్ఫై పాళ్లకు పైగా ఖాళీ పడింది. ఆ ఆఫీసులను నమ్ముకున్న భోజనశాలలూ చిల్లర కొట్లూ వాటి వెంటే మూతపడ్డాయి. అనంతపురంలో అంతటి ఆఫీసు మేడలు లేవు కనుక ఆ చిక్కు మనకు లేదనిపించవచ్చు. అయితే టవర్ క్లాక్ దగ్గర మొదలుపెట్టి సుభాష్ రోడ్డు మీదుగా సప్తగిరి సర్కిల్ దాకా, మరో పూట తిలక్ రోడ్డు, పాతూరు గాంధీ బజారు వైపు తలెత్తి చూస్తూ నడిస్తే సంగతి బోధపడుతుంది. కింద దుకాణాలు నడుస్తూనే ఉంటాయి. వాటి నెత్తిన వెలిసిపోయిన కోచింగ్ సెంటరు బోర్డులు, తాళం పడిన ఫైనాన్సు ఆఫీసులు, అట్టపెట్టెలతో నిండి గోడౌన్లుగా మారిన గదులు కనిపిస్తాయి.

వర్తక సంఘాల వారు, మేడల యజమానులు, కార్పొరేటర్లు, బెంగళూరు కంపెనీలకు ఇక్కడి నుంచే పని చేసే యువత కలిసి చేయదగిన పనులను ఇక్కడ వరుసగా చెబుతున్నాను. వీటన్నిటికీ ఆధారం ఒక్క నమ్మకం: ఊరి నడిబొడ్డు నిలవాలంటే ముందు పై అంతస్తులు నిండాలి. పైన పగలంతా పని చేసే వారూ రాత్రి నివసించే వారూ ఉంటే కింది కొట్టుకు గిరాకీ దానంతట అదే వస్తుంది. రంగు దీపాలకూ స్వాగత ద్వారాలకూ పెట్టే ఖర్చు ఆ తర్వాతి మాట.

జనం ఎందుకు తగ్గారో ముందు తేల్చుకోవాలి

ఒకప్పుడు పల్లె నుంచి వచ్చిన మనిషి బ్యాంకులో డబ్బు వేసి, ఎల్‌ఐసీ ప్రీమియం, కరెంటు బిల్లు కట్టి, సర్టిఫికెట్ కోసం ఆఫీసు చుట్టూ తిరిగి, ఆ మధ్యలో గుడ్డలూ సరుకులూ కొనుక్కుని, టిఫిను తిని బస్సెక్కేవాడు. 2016లో వచ్చిన యూపీఐ బ్యాంకు పనిని ఫోనులోకి తెచ్చింది. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలు సర్టిఫికెట్ల పనిని ఊరికీ వార్డుకూ తెచ్చాయి. 2025 జనవరిలో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ సేవ ‘మన మిత్ర’ ఆ పనుల్లో చాలావాటిని వాట్సాప్‌లోకే తెచ్చింది. ప్రజలకు ఇవన్నీ మేలు చేసిన మార్పులే, వీటిని వెనక్కి తిప్పాలని ఎవరూ కోరకూడదు. కాని పని పేరుతో బజారుకు వచ్చే జనం వీటివల్ల తగ్గారన్నది వాస్తవం.

దీనికి తోడు 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండుగా విడిపోయింది. ధర్మవరం, కదిరి, హిందూపురం, పెనుకొండ, మడకశిర ప్రాంతాల వారికి జిల్లా కేంద్రం పుట్టపర్తి అయింది. కలెక్టరేటు పని మీద వచ్చి సాయంత్రం దాకా ఊళ్లో గడిపే వారిలో పెద్ద భాగం అలా పక్కకు పోయింది.

ఈ నష్టాల నడుమ మనకు కలిసివచ్చింది ఒకటి ఉంది. 2020 నవంబరులో కేంద్ర టెలికాం శాఖ ఐటీ సేవల సంస్థలకు ఉన్న రిజిస్ట్రేషన్ నిబంధనలను సడలించి, ఉద్యోగి ఇంటి నుంచి గాని మరెక్కడి నుంచి గాని పని చేసే వీలు కల్పించింది. బెంగళూరు మనకు జాతీయ రహదారి మీద సుమారు 200 కిలోమీటర్లే. ఆదివారం రాత్రి బస్సెక్కి, వారంలో రెండు మూడు రోజులు ఆఫీసులో కూర్చుని, మిగతా రోజులు ఇంటి నుంచి పని చేసే పిల్లలు ఈ ఊళ్లో ప్రతి వీధిలోనూ ఉన్నారు. పై అంతస్తులకు తొలి బాడుగదారులు వారే.

లెక్క తీయడం

ఒక్క మంగళవారం, ఒక్క శనివారం చాలు. ఉదయం ఎనిమిది, పదకొండు, మధ్యాహ్నం మూడు, రాత్రి ఏడున్నర గంటలకు, ఎంచుకున్న మూడు నాలుగు చోట్ల పావుగంట చొప్పున నిలబడి నడిచిపోయే వారిని లెక్కించాలి. ఆడవాళ్లు ఎందరో విడిగా రాసుకోవాలి, ఎందుకంటే చీకటి పడ్డాక వీధిలో ఆడవాళ్ల సంఖ్య ఆ వీధి ఆరోగ్యాన్ని మరే అంకె కన్నా సరిగ్గా చెబుతుంది. ఇలాంటి లెక్కకు ఆర్ట్స్ కాలేజీలో వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థులను అధ్యాపకుల ద్వారా అడిగితే వారికీ అది పనికివచ్చే చదువు అవుతుంది.

తర్వాత మేడల పట్టిక. ప్రతి మేడకూ అంతస్తు వారీగా ఇప్పుడేముంది, ఖాళీ అయితే ఎన్నాళ్లుగా, అంతకు ముందు ఏముండేది, యజమాని ఎక్కడున్నారు అన్నవి రాయాలి. చివరి గడి చాలా ముఖ్యం. ఖాళీగా ఉన్న మేడల్లో కొన్ని బాడుగదారు దొరక్క ఖాళీగా ఉండవు. అన్నదమ్ముల భాగాలు తేలక, లేదా యజమాని హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి పట్టించుకోక తాళం పడి ఉంటాయి. అటువంటి వాటిని పట్టికలో వేరు చేసి, మాట తేలిగ్గా కుదిరే నాలుగైదు మేడలతోనే పని మొదలుపెట్టాలి.

పై అంతస్తును పని చేసుకునే చోటుగా మార్చడం

మెట్లతో మొదలుపెట్టండి. మన బజారు మేడల్లో పైకి వెళ్లే దారి రెండు షట్టర్ల మధ్య మూడడుగుల సందు. లోపలికి అడుగు పెడితే ఒక పక్క కరెంటు మీటర్ల బోర్డు, మీటర్ల కింద కొట్టువాళ్ల ఖాళీ పెట్టెలు, మలుపు దగ్గర గోడ నిండా పాన్ మరకలు, ఆరిపోయిన బల్బు. గదులకు ఎంత సొగసు చేసినా ఈ మెట్లెక్కడానికి ఒక ఆడపిల్ల జంకితే పెట్టిన డబ్బంతా వృథా. పెట్టెలు తీయించి, సున్నం వేయించి, మలుపు మలుపునా దీపం, చేతికి కమ్మీ, కింద పేరు బోర్డు పెట్టించండి. అగ్నిప్రమాదం జరిగితే బయటపడే దారి కూడా ఇదే కనుక మీటర్ల బోర్డు దగ్గర అట్టలు, గుడ్డ మూటలు ఉండనివ్వకూడదన్న షరతును కింది కొట్టు బాడుగ పత్రంలోనే రాయించాలి.

రెండోది వెలుతురు. బజారు స్థలాలు ముందు ఇరుకు, వెనక్కి పొడుగు. పక్క గోడలు కలిసే ఉంటాయి. ముందు గదికి కిటికీ ఉంటుంది, నడిమి గది పట్టపగలూ చీకటే. పడమటి దేశాల్లో పెద్ద ఆఫీసు మేడలను ఇళ్లుగా మార్చేవారిని బాధిస్తున్నదీ ఇదే చిక్కు: మేడ లోతెక్కువై నడిమి భాగానికి గాలీ వెలుతురూ అందవు. మన పాత మట్టి మిద్దెల్లో దీనికి జవాబు ఎప్పటి నుంచో ఉంది. పైకప్పులో గవాచి పెట్టి నడింటికి వెలుగు దింపేవారు. పై అంతస్తు స్లాబులో ఇంజనీరు చెప్పిన చోట, కమ్ములు దెబ్బతినకుండా అలాంటి గవాచి తెరిచి గట్టి అద్దం బిగిస్తే నడిమి గది పనికివస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఊరిది. కాబట్టి డాబా మీద తెల్లటి చలువ పూత తప్పనిసరి, ఆ పూత వేయకుండా ఏసీల మీద ఆధారపడితే బిల్లు కట్టలేక ఏడాదిలో మూసేస్తారు.

కరెంటు, ఇంటర్నెట్ విషయంలో పొదుపు పనికిరాదు. కరెంటు సరఫరా చేసే ఎస్పీడీసీఎల్‌కు దరఖాస్తు చేసి లోడు ముందే పెంచుకోవాలి. రెండు వేర్వేరు సంస్థల ఇంటర్నెట్ లైన్లు తీసుకోవాలి. అవి రెండూ ఒకే స్తంభం మీదుగా వస్తే ఒక్క లారీ తగిలినా రెండూ తెగుతాయి కనుక వేర్వేరు వైపుల నుంచి లాగించాలి. విదేశీ క్లయింటుతో మాట్లాడుతుండగా రెండుసార్లు లైను తెగిన ఉద్యోగి మూడోసారి రాడు, తోటివారికీ వద్దని చెబుతాడు. తలుపు బిగించుకుని మాట్లాడే చిన్న గదులు రెండైనా ఉండాలి, ఎందుకంటే మన వీధుల్లో హారన్లకూ పెళ్లి బ్యాండుకూ వేళ ఉండదు, పైగా చాలా కంపెనీలు సమాచార భద్రత కోసం నలుగురి మధ్య కూర్చుని పని చేయడాన్ని ఒప్పుకోవు. ఆడవాళ్లకు విడిగా, నీళ్లు వచ్చే మరుగుదొడ్డి లేకుండా మాత్రం తెరవవద్దు.

ఇరవై సీట్లకు మించి మొదలుపెట్టవద్దని నా గట్టి సలహా. వచ్చేవారు సాఫ్ట్‌వేరు వాళ్లే అనుకోకండి. జీఎస్టీ లెక్కలు రాసేవారు, ఆన్‌లైన్లో పాఠాలు చెప్పేవారు, పెళ్లయ్యాక బెంగళూరు వెళ్లే వీలు లేక ఇక్కడే ఉండి పని చేసే ఆడవాళ్లు, ఇంట్లో గది లేని ఉమ్మడి కుటుంబాల పిల్లలు అందరూ లెక్కలోకి వస్తారు. నెల పాసుతో పాటు వారం పాసు, రోజు పాసు ఉంచండి. వారానికి మూడు రోజులే ఊళ్లో ఉండేవాడు నెల మొత్తానికి డబ్బు కట్టడు.

బాడుగ మాట యజమానితో ఇలా కుదుర్చుకోవచ్చు. మన దగ్గర పదకొండు నెలల పత్రం అలవాటు, ఎందుకంటే ఏడాది దాటిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి. గవాచికీ వైరింగుకూ లక్షలు పెట్టేవారికి పదకొండు నెలలు చాలవు. మూడు నుంచి ఐదేళ్ల లీజు రాసుకుని రిజిస్టరు చేయించడం ఇరుపక్షాలకూ మంచిది. బాడుగదారు ఖాళీ చేయడేమోనన్న యజమాని భయానికి ఆ రిజిస్టరైన పత్రమే మందు. మరమ్మతుల కాలానికి బాడుగ మినహాయించి, తొలి ఏడాది తక్కువ బాడుగతో పాటు రాబడిలో కొంత వాటా ఇస్తామంటే, ఇన్నాళ్లూ పైసా రాని అంతస్తు విషయంలో చాలామంది ఒప్పుకుంటారు.

నివాసాలు

అన్ని మేడలూ పనిచోట్లుగా మారనక్కర లేదు. కొన్నింటిలో మనుషులు కాపురం ఉండాలి, అప్పుడే దుకాణాలు మూసిన తర్వాత కూడా వీధి మీద ఒక కన్ను ఉంటుంది. కెనడాలోని కాల్గరీ నగరం 2021లో మొదలుపెట్టిన పథకంలో ఖాళీ ఆఫీసును ఇళ్లుగా మార్చే యజమానికి చదరపు అడుగుకు 75 డాలర్ల చొప్పున సాయం ఇచ్చింది. మన నగరపాలక సంస్థకు అంత డబ్బు లేదు. అయినా వాణిజ్య అంతస్తును నివాసంగా మార్చినప్పుడు ఆస్తి పన్నును నివాసపు లెక్కకు వెంటనే మార్చడం, అనుమతి కాగితాలను ఒకే చోట చూడటం దాని చేతిలో ఉన్న పనులే. నర్సులు, ఉపాధ్యాయినులు, ఒంటరిగా ఉండే పెద్దలు ఆస్పత్రికీ బజారుకూ నడిచి వెళ్లగల చోటు కోరుకుంటారు. పెద్దల కోసమైతే మొదటి అంతస్తు దాటి పైకి పోవద్దు.

వీధిని నడిచేలా చేయడం

బజారు బాగు అనగానే తోపుడు బండ్లను తొలగించడంతో మొదలుపెట్టడం చాలా ఊళ్లలో జరిగే పొరపాటు. పైన పని చేసేవాడు మెట్లు దిగి వచ్చేది ఉగ్గాని బజ్జీ కోసమూ, సాయంత్రం ఇంటికి రెండు ఓళిగలు కట్టించుకోవడం కోసమూ. ఆ బండి లేకపోతే అతను ఇంట్లోనే కూర్చుంటాడు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఊరికి ఒక పట్టణ విక్రయ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఎన్నుకున్న ప్రతినిధులు, వారిలో మూడో వంతు ఆడవాళ్లు. ఐదేళ్లకోసారి సర్వే జరగాలి, తొలగించే ముందు ముప్ఫై రోజుల నోటీసు ఇవ్వాలి. వర్తక సంఘం ఆ కమిటీ ముందుకు వెళ్లి, ఏ వీధిలో ఏ పక్క ఎన్ని బండ్లు అన్నది గీత గీసి తేల్చుకుంటే రోజూ జరిగే తగువు ఆగుతుంది.

బండి నిలిపే చోటు రెండో తగువు. దుకాణదారులూ వారి గుమాస్తాలూ తమ బళ్లను పొద్దున్నే కొట్టు ముందే పెట్టి రాత్రి దాకా తీయరు, గిరాకీకి చోటుండదు. సంఘం తన సభ్యులకు కొంచెం దూరంగా ఒక ఖాళీ స్థలం చూపి, అక్కడే పెట్టాలని కట్టుబాటు చేసుకోవాలి. సరుకు లారీలు ఉదయం తొమ్మిది లోపే దించుకోవాలి. నీడ కోసం వేప, కానుగ మొక్కలు నాటి, ప్రతి మొక్కనూ దాని ఎదుటి కొట్టుకు అప్పజెప్పాలి. 2022 అక్టోబరులో నడిమివంక వాగు పొంగి కాలనీలు మునిగిన ఊరిలో కాలువల పూడిక తీయకుండా కొత్త రాళ్లు పరిచే పనికి ఎవరూ ఒప్పుకోకూడదు.

సాయంత్రాల గురించి ఒక్క మాట. కొత్తగా వేదికలు కట్టనక్కర లేదు, లలిత కళా పరిషత్తు ఉంది, జిల్లా గ్రంథాలయం ఉంది. వారంలో ఒక రోజు ఖాయం చేసి, అదే రోజు, అదే వేళకు ఒక కార్యక్రమం తప్పకుండా జరిగితే జనానికి అలవాటు అవుతుంది. ఏడాదికోసారి జరిపే భారీ ఉత్సవం ఆ అలవాటును కలిగించలేదు.

డబ్బు, బాధ్యత, గడువు

సంఘంలో ప్రతి కొట్టూ నెలకు కొంత వేసుకుని, ఆ డబ్బుతో ఒక మనిషిని జీతానికి పెట్టాలి. పట్టిక నిలబెట్టడం, యజమానులకు ఫోన్లు చేయడం, దీపం ఆరితే నగరపాలక సంస్థకు ఫిర్యాదు రాసి వెలిగే దాకా వెంటపడటం ఆ మనిషి పని. కమిటీలు ఎన్ని వేసినా, రోజూ అడిగే మనిషి లేకపోతే పని సాగదు.

తొలి మూడు నెలలు లెక్కకూ యజమానులతో మాటలకూ పోతాయి. ఆ తర్వాత ఆరు నెలల్లో రెండు మెట్లదారులు, ఒక పనిచోటు, ఒక వీధిలో బండ్ల గీతలు పూర్తయితే అది మంచి నడకే. ఏడాది చివర మళ్లీ ఒక మంగళవారం, ఒక శనివారం అవే చోట్ల, అవే వేళల్లో లెక్క తీయండి. మధ్యాహ్నం మూడు గంటల అంకె పెరగకపోతే పనిచోటు ధరలోనో వసతిలోనో లోపముంది; రాత్రి ఏడున్నరకు ఆడవాళ్ల అంకె పెరగకపోతే దీపాలనూ మెట్లనూ మరుగుదొడ్లనూ మళ్లీ చూడాలి. రెండూ పెరిగిన వీధిని ఆనుకుని ఉన్న వీధిని రెండో ఏడాదికి తీసుకోండి.