డీఎల్ఎల్ ఫైల్ లేదని ఎర్రర్ వస్తే ఏం చేయాలి?

కొత్త గేమో, ఎడిటింగ్ సాఫ్ట్‌వేరో ఇన్‌స్టాల్ చేసి ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేస్తే, అది తెరుచుకోదు సరికదా, ‘వీసీరన్‌టైమ్140.డీఎల్ఎల్’ దొరకలేదంటూ ఇంగ్లీషులో ఒక చిన్న బాక్స్ వస్తుంది. డీఎల్ఎల్ అంటే ప్రోగ్రాములు నడవడానికి వాడుకునే ఉమ్మడి కోడ్ ఉన్న ఫైల్. చాలామంది వెంటనే ఆ పేరు గూగుల్‌లో కొట్టి, ముందు కనిపించిన సైట్ నుంచి ఆ ఒక్క ఫైల్ దించుకుని సిస్టమ్32 ఫోల్డర్‌లో పడేస్తారు. దయచేసి ఆ పని మాత్రం చేయొద్దు. అందులో ఎవరు ఏం కలిపారో మనకు తెలియదు. పైగా ఈ ఫైళ్లను మైక్రోసాఫ్ట్ విడివిడిగా కాకుండా ప్యాకేజీలుగా, అదీ ఉచితంగానే ఇస్తుంది.

బాక్స్ మూసేయకుండా ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి, ఎందుకంటే ఏ ప్యాకేజీ కావాలో ఆ ఫైల్ పేరే చెబుతుంది. పేరు చివర 140 ఉంటే (వీసీరన్‌టైమ్140, ఎంఎస్‌వీసీపీ140 లాంటివి) విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే ప్యాకేజీలో 2015 లేదా ఆ తర్వాతి వెర్షన్ కావాలి. ఎంఎస్‌వీసీపీ120 అయితే 2013ది, ఎంఎస్‌వీసీపీ100 అయితే 2010ది. కొత్తది ఉంది కదా, పాతది ఎందుకు అనుకోకండి, ఇవి దేనికవే వేరు. పాత గేముల్లో డీ3డీఎక్స్9 అని మొదలయ్యే పేరు కనిపిస్తే డైరెక్ట్‌ఎక్స్ (గేముల గ్రాఫిక్స్, సౌండ్‌లకు విండోస్ వాడేది) ఎండ్ యూజర్ రన్‌టైమ్ వేసుకోవాలి. విండోస్ 10, 11లలో డైరెక్ట్‌ఎక్స్ ఉన్నా ఈ పాత ఫైళ్లు దాంతోపాటు రావు.

మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఎక్స్86 (32 బిట్), ఎక్స్64 (64 బిట్) అని వేర్వేరుగా కనిపిస్తాయి. మీది 64 బిట్ విండోస్ అయినా సరే రెండూ వేయండి, 32 బిట్ ప్రోగ్రాములకు ఎక్స్86 ఫైళ్లే కావాలి. ఇక్కడే ఇంకో తికమక ఉంది: 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు, 32 బిట్‌వి సిస్‌వావ్64లో ఉంటాయి. పేర్లు చూస్తే తిరగేసినట్టుంటాయి కాబట్టి చేత్తో కాపీ చేసేవాళ్లు ఒకదాంట్లో వేయాల్సింది ఇంకోదాంట్లో వేస్తారు, అప్పుడు 0ఎక్స్‌సి000007బి అని కొత్త ఎర్రర్ మొదలవుతుంది.

ఇన్‌స్టాల్ అయ్యాక సిస్టమ్ రీస్టార్ట్ చేసి చూడండి. తగ్గకపోతే ఆ ప్రోగ్రామ్‌నే తీసేసి మళ్లీ వేయండి. అంతకుముందు విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ ఒకసారి చూడండి, యాంటీవైరస్ ఆ ఫైల్‌ను పక్కన పెట్టేసి ఉండొచ్చు. కంపెనీ సైట్ నుంచి తెచ్చుకున్న సాఫ్ట్‌వేర్ అయితే రీస్టోర్ చేసుకోవచ్చు. క్రాక్ వెర్షన్ అయితే మాత్రం దాన్ని అక్కడే వదిలేయండి.

ఒకే ప్రోగ్రామ్ కాకుండా రకరకాల ప్రోగ్రాములు ఇలాగే మొరాయిస్తుంటే విండోస్ సొంత ఫైళ్లే దెబ్బతిని ఉండొచ్చు. స్టార్ట్‌లో కమాండ్ ప్రాంప్ట్ వెతికి, రైట్ క్లిక్ చేసి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ నొక్కండి. ఇంగ్లీషు అక్షరాల్లో డిస్మ్ అని (డి, ఐ, ఎస్, ఎం) కొట్టి స్పేస్ ఇచ్చి /ఆన్‌లైన్, మళ్లీ స్పేస్ ఇచ్చి /క్లీనప్-ఇమేజ్, ఇంకో స్పేస్ ఇచ్చి /రీస్టోర్‌హెల్త్ అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి. కావాల్సిన ఫైళ్లను ఇది విండోస్ అప్‌డేట్ నుంచి తెచ్చుకుంటుంది కాబట్టి నెట్ ఉండాలి. మధ్యలో ఒక శాతం దగ్గర చాలాసేపు ఆగిపోయినట్టు కనిపిస్తుంది, టెన్షన్ పడి విండో మూసేయకండి. అది పూర్తయ్యాకే ఎస్ఎఫ్‌సి, స్పేస్, /స్కాన్‌నౌ. ఈ వరసే ఎందుకంటే, ఎస్ఎఫ్‌సి పాడైన ఫైల్ బదులు పెట్టే మంచి కాపీని విండోస్ దాచుకున్న చోటు నుంచే తీస్తుంది, ఆ చోటును బాగుచేసేది డిస్మ్.

ఇన్ని చేసినా కొన్నాళ్లకు మళ్లీ ఫైళ్లు పాడవుతుంటే హార్డ్ డిస్క్‌నే అనుమానించాలి. అలాంటప్పుడు ముందు ఫొటోలు, డాక్యుమెంట్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, డిస్క్‌లో తప్పులు వెతికే చెక్‌డిస్క్ సంగతి ఆ తర్వాత చూడొచ్చు.