డ్రై నీడ్లింగ్ చేస్తూ కండరంలోని విద్యుత్ చర్యను నమోదు చేసే విధానం

డ్రై నీడ్లింగ్ అంటే కండరంలో బిగుసుకున్న తంతువుల పట్టీలో నొక్కితే నొప్పి పుట్టే చోట, అంటే ట్రిగ్గర్ పాయింట్‌లో, మందు ఎక్కించకుండా సన్నని సూది గుచ్చి చేసే చికిత్స. ట్రిగ్గర్ పాయింట్‌లోని విద్యుత్ చర్య చాలావరకు మైక్రోవోల్టుల స్థాయిలో ఉంటుంది కాబట్టి, విశాలమైన ప్రాంతపు సంకేతాలను కలగలిపి చూపే చర్మంపై ఎలక్ట్రోడ్లు దీనికి పనికిరావు. మొన తప్ప మిగతా భాగమంతా టెఫ్లాన్ పూత ఉన్న మోనోపోలార్ సూదిని వాడితే, చికిత్స చేసే సూదే నమోదు కూడా చేస్తుంది. ఇది కండరాల విద్యుత్ చర్యను నమోదు చేసే ఈఎంజీ పరీక్షలోనూ డ్రై నీడ్లింగ్‌లోనూ శిక్షణ పొందినవారే చేయవలసిన పని.

రోగిని పడుకోబెట్టి, పరీక్షించే కండరానికి ఏ భారమూ పడకుండా ఆసరా ఇవ్వాలి. రిఫరెన్స్ (పోలికకు ఆధారమయ్యేది), గ్రౌండ్ (బయటి విద్యుత్ అలజడిని తగ్గించేది) ఎలక్ట్రోడ్లను చర్మంపై అంటించాక, తెరపై ఒక్కో గడికి 20 మైక్రోవోల్టులు, 10 మిల్లీసెకన్లు ఉండేలా అమర్చి, స్పీకర్ తప్పక ఆన్ చేయాలి. అలవాటైన చెవి చాలాసార్లు కంటికన్నా ముందే పసిగడుతుంది.

మొదట బిగుసుకున్న పట్టీకి పక్కన, నొప్పి లేని చోట సూది దించాలి. గుచ్చగానే వచ్చే అలజడి క్షణంలో అణగిపోయి గీత నిశ్చలమవుతుంది. అలా కాకపోతే కండరం విశ్రాంతిలో లేదనో, ఎలక్ట్రోడ్ సరిగా అంటుకోలేదనో అర్థం. దాన్ని సరిచేయకుండా ముందుకు వెళ్ళకూడదు.

తర్వాత పట్టీని వేళ్ళ మధ్య పట్టుకొని, సూదిని మెల్లగా తిప్పుతూ, ఒకటి రెండు మిల్లీమీటర్ల చొప్పున ఆగి ఆగి దించాలి. శంఖాన్ని చెవికి ఆనించినప్పటి హోరు లాంటి శబ్దంతో, సుమారు 10 నుంచి 50 మైక్రోవోల్టుల ఎత్తులో, తెంపు లేకుండా సాగేది ఎండ్‌ప్లేట్ (నరం కండర తంతువును కలిసే చోటు) నాయిస్. దానిపై క్రమం లేకుండా చిటపటమంటూ వచ్చే పెద్ద శిఖరాలు ఎండ్‌ప్లేట్ స్పైకులు. దాదాపు సమాన వ్యవధితో వస్తూ, రోగి కండరాన్ని వదులు చేయగానే ఆగిపోయేవి మాత్రం మోటార్ యూనిట్ (ఒక నరకణం, అది నడిపే కండర తంతువులు) సంకేతాలు. కొత్తవారు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

మెడ, భుజాల వెనుక ఉండే ట్రెపీజియస్ కండరపు ట్రిగ్గర్ పాయింట్లలో ఇలాంటి చర్య ఉండగా పక్కనున్న తంతువులు నిశ్శబ్దంగా ఉన్నాయని పరిశోధకులు హబ్బర్డ్, బెర్కాఫ్ 1993లో ప్రచురించారు. దానికి కండర కదురు (కండరం సాగడాన్ని పసిగట్టే చిన్న అవయవం) మూలమని వారు భావించగా, మరో ఇద్దరు పరిశోధకులు సైమన్స్, హాంగ్ ఎండ్‌ప్లేట్‌నే మూలంగా చూపారు. అయితే మామూలు ఎండ్‌ప్లేట్ ప్రాంతంలోనూ ఈ నాయిస్ వినిపించవచ్చు కనుక, అది కనిపించినంత మాత్రాన ట్రిగ్గర్ పాయింట్ దొరికిందని తీర్మానించకూడదు.

సూది సరైన చోట తగిలితే పట్టీ ఒక్కసారిగా అదురుతుంది. ఆ క్షణపు సంకేతం ముందరి నాయిస్ కన్నా ఎన్నో రెట్లు పెద్దది కాబట్టి తెర హద్దు దాటిపోతుంది. రెండో చానెల్‌ను తక్కువ గెయిన్ (సంకేతాన్ని పెద్దది చేసి చూపే స్థాయి)లో సిద్ధంగా ఉంచుకోవాలి. అదురు వచ్చాక నాయిస్ తగ్గడాన్ని కుందేళ్ళపై చేసిన ప్రయోగాల్లో గమనించారు. కానీ మనిషిలో గీత నిశ్చలమవగానే అది చికిత్స ఫలితమని అనుకోవడం తొందరపాటు, ఎందుకంటే అదురుతో సూది మొన కాస్త జరిగినా నాయిస్ మాయమవుతుంది. అందుచేత అదే దారిలోనూ, కొద్దిగా పక్కగానూ మళ్ళీ వెతికి, అన్ని చోట్ల కొలతలనూ మునుపటి వాటితో పోల్చాలి.

ట్రెపీజియస్ పైభాగంలో సూది ఊపిరితిత్తి వైపు వెళ్తే న్యుమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) ప్రమాదం ఉంది. కండరాన్ని పైకి పట్టి ఎత్తి, మొనను ఛాతీకి దూరంగా ఉంచాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారి విషయంలో ముందుగా వైద్యుని అభిప్రాయం తీసుకోవాలి. నమోదు పత్రంలో లోతు, దిశ, ఫిల్టర్, గెయిన్‌లతో పాటు, ఏ క్షణంలో రోగి తనకు పరిచయమైన నొప్పి ఇదేనన్నాడో కూడా రాయాలి.